శనివారం ప్రయాణం గురించి

నాన్నా,

పైలట్ లైసెన్సు చేతిలో పట్టుకుని నువ్వు దిగిన ఫొటో వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను. ఇద్దరు స్నేహితులను ఎక్కించుకుని శనివారం చీకటి పడ్డాక విమానం నడుపుకుంటూ సముద్రం మీదుగా వెళ్తానన్నావు. ఫోన్లో నీతో వాదించి నేనెప్పుడు నెగ్గాను గనక? అందుకే రాస్తున్నాను.

అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ విమాన ప్రమాదం మీద వచ్చిన దర్యాప్తు నివేదిక చదివాను. 1999 జులై 16 రాత్రి 8:38కి బయల్దేరాడు. పైపర్ సారటోగా అనే చిన్న విమానం, వెంట భార్య, ఆమె అక్క. అతనికి దాదాపు 310 గంటల అనుభవం ఉంది, నీకంటే చాలా ఎక్కువ. బయట ఏమీ కనబడకపోయినా పరికరాలు చూసి నడపడానికిచ్చే అర్హత, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, మాత్రం లేదు. తోడు వస్తానని ఒక ఇన్‌స్ట్రక్టర్ అడిగితే, ఒక్కడినే నడుపుతానన్నాడట. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అచ్చం నువ్వు అన్నట్టే ఉంది. అమెరికా తూర్పు తీరంలోని మార్తాస్ విన్‌యార్డ్ దీవి దగ్గర, మంచుతెర పట్టిన చీకట్లో, ముగ్గురూ సముద్రంలో పడిపోయారు. విమానంలో లోపమేమీ దొరకలేదు.

చిన్నప్పుడు మీ నాన్న తిరుగుడు కుర్చీలో కళ్లు మూసుకుని గిర్రున తిరిగేవాడివి, గుర్తుందా? కుర్చీ ఆపేస్తే, "అటువైపు తిరుగుతోందమ్మా" అని ఏడ్చేవాడివి. ఒళ్లు ఎటు తిరుగుతోందో చెప్పేది లోపలి చెవి, అదే అప్పుడు నిన్ను మోసం చేసింది. ఆ చెవే ఇప్పుడూ నీకున్నది. కింద నీళ్లు, పైన ఆకాశం ఒకే నలుపులో కలిసిపోతే రెక్క ఎప్పుడు వాలిందో ఒంటికి తెలియదట. విమానం ఓ పక్కకు తిరిగిపోతూ ముక్కు కిందికి దించుతుంది. ఎత్తు తగ్గుతోందని కంగారుపడి యోక్, అదే విమానం స్టీరింగు, వెనక్కి లాగితే మలుపు ఇంకా బిగుసుకుంటుంది. ముందు పవర్ తగ్గించి, రెక్కలు సమం చేసి, ఆ తర్వాతే ముక్కు లేపాలని నీకు నేర్పే ఉంటారు. కానీ రెక్కలు సమంగానే ఉన్నాయని ఒళ్లంతా చెబుతుంటే చెయ్యి ఆ పని చేస్తుందా? 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందిని పరీక్షిస్తే, సగటున 178 సెకన్లలో అదుపు తప్పారు. అందరూ!

ఎగరొద్దని అనను. నేననగానే నువ్వు ఆగుతావా ఏమిటి! పగలు వెళ్లు. రాత్రే వెళ్లాలంటే మీ ఇన్‌స్ట్రక్టరును పక్కన కూర్చోబెట్టుకో. స్నేహితులు నవ్వితే మా అమ్మ గయ్యాళిదని చెప్పు.

దారిలో ఎక్కడైనా దిగిపోవాల్సి వస్తే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, కారులో వచ్చి ముగ్గురినీ తీసుకొస్తాను. నా డ్రైవింగ్ గురించి మీ నాన్న ఏదో అంటారు, పట్టించుకోకు.

అమ్మ