స్కూల్ టూర్లల్ల అబ్జర్వేటరీలు కూడా చూపియ్యాలె

ఎడిటర్ గారికి నమస్తే. మొన్న ఫ్యామిలీతోని కొడైకెనాల్ పోయినప్పుడు గుట్ట మీదున్న సోలార్ అబ్జర్వేటరీ, అంటే టెలిస్కోపులతోని సూర్యుణ్ని పరిశీలించే కేంద్రం చూసినం, 1899లో పెట్టిందట, 1909లో ఎవర్‌షెడ్ అనే సైంటిస్ట్ సూర్యుడి మచ్చల్లకెళ్లి గ్యాస్ బయటికి పారుతదని కనిపెట్టింది ఇక్కడ్నే, వందేళ్లకు పైగా సూర్యుడి ఫోటోలు తీసి దాచిపెట్టిండ్రు, చూస్తుంటే ఒళ్లు పులకరించింది. 1960లో దీనికి డైరెక్టర్ అయిన వైను బప్పు మన నిజాం కాలేజీల చదివినాయనే, వాళ్ల నాయిన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీల పనిచేసిండు! మన వరంగల్ పిల్లలకు ఈ సంగతి ఎవరన్నా చెప్తుండ్రా? టూర్లంటే వాటర్ పార్కులేనా? దూరం పోలేకపోతే ఒక మంచి టెలిస్కోప్ కొని పద్మాక్షి గుట్ట మీద నెలకోసారి చంద్రుణ్ని, శని వలయాలను చూపియ్యండి, ఆఫీసర్లు జర ఆలోచించాలె.

- ఒక పేరెంట్, హన్మకొండ