బిందె ఎందుకు రేకు డబ్బాలా మోగింది

చిట్టితల్లీ,

మీ క్లాసువాళ్ళ సౌండ్ ప్రాజెక్టుల మీద నువ్వు పంపిన నోట్సు చదివాను. సగానికి పైగా వాటికి "బాగుంది" అని రాసి వదిలేశావు. ఆ మాట చదివి ఎవరూ ఒక్క వైరు కూడా మార్చుకోలేరమ్మా.

ఇత్తడి బిందె గురించి మాత్రం "రేకు డబ్బాలా మోగింది" అన్నావు. చెవి సరిగ్గానే పట్టింది, కారణం కూడా రాయాల్సింది. దానికి అతికించిన 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ళ, అంటే కంపనాన్ని కరెంటుగా మార్చే బిళ్ళ, దాదాపు 20 నానోఫారడ్‌ల కెపాసిటర్ లాంటిది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే అక్కడి 10 కిలో ఓమ్‌లతో కలిసి సుమారు 800 హెర్ట్జ్‌ల నుంచి కిందికి పోయేకొద్దీ శబ్దం పలచబడుతుంది. బిందె గుమ్ముమనేదంతా ఆ కిందే ఉంది మరి. అదే 1 మెగా ఓమ్ గిటార్ ఇన్‌పుట్‌లో పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌లకు దిగిపోతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ మీద 'ఇన్‌స్ట్' బటన్ ఉంటే నొక్కితే చాలు. బిళ్ళను ఫోమ్ టేపుతో అతికించి ఉంటే పలచటి టేపుకి మారమను, ఫోమ్ పై స్వరాల్ని మింగేస్తుంది.

వెలుతురుతో పాడే పెట్టె "చెయ్యి కదపకుండానే శ్రుతి మార్చింది" అన్నావు. స్లైడు మారినప్పుడల్లా ప్రొజెక్టర్ వెలుగు, వెలుతురు పెరిగితే రెసిస్టెన్స్ తగ్గే సెన్సర్ అయిన ఎల్‌డీఆర్ మీద పడి ఉంటుంది. నల్ల స్ట్రా ముక్క మూడు సెంటీమీటర్లు తొడిగితే పక్క వెలుతురు తగ్గుతుంది. ఎల్‌డీఆర్‌కి వరసలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కూడా ఉండాలి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో ఎంత వెలుగులోనైనా స్వరం 1 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లోనే ఆగుతుంది. లేకపోతే కీచుమని చెవులు కోస్తుంది. ఆ స్వరాన్ని పుట్టించే 40106 చిప్‌లో ఆరు గేట్లు, అంటే విడివిడి చిన్న సర్క్యూట్లు, ఉంటాయి, వాడని వాటి ఇన్‌పుట్లు బ్యాటరీ మైనస్‌కి కలిపారా అని అడుగు. గాల్లో వదిలేస్తే వాటంతటవే ఊగి బ్యాటరీని తాగేస్తాయి.

మిక్సర్ అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌లోనే గుచ్చినదాన్ని "గోల" అన్నావే, అక్కడ నేను ఒప్పుకోను. 1969లో అహ్మదాబాద్‌లోని డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం నెలకొల్పిన అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఇలాంటి ఫీడ్‌బ్యాక్‌తోనే ఎన్నో రచనలు చేశాడు. శబ్దాన్ని పెంచే గెయిన్ నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పితే ఏం మారిందో రాయి. హెడ్‌ఫోన్లు మాత్రం పెట్టుకోవద్దను, శబ్దం ఉన్నట్టుండి ఎగుస్తుంది.

లూపుల్లో, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగే శబ్దం ముక్కల్లో, టక్కుమనే చప్పుడుకి రెండు చివర్లా శబ్దాన్ని మెల్లగా పెంచి తగ్గించే 5 మిల్లీసెకన్ల ఫేడ్ చాలు.

"బాగుంది" అన్నవాటి రికార్డింగులు మళ్ళీ విని, ఈసారి వైర్లు ఎక్కడికి పోయాయో కూడా రాసి పంపు.

నాన్న