మే నెల కొండల ట్రెక్‌లో నీళ్లు ఇవ్వలేదు, మా డబ్బులు మాకు వెనక్కి ఇవ్వండి

కస్టమర్ కేర్ వాళ్లకి,

నమస్తే అండి. మే రెండో ఆదివారం మీ బావికొండ, తొట్లకొండ గ్రూప్ ట్రెక్‌కి మా ఇంట్లోంచి ఆరుగురం వచ్చాం, మనిషికి 1,499 చొప్పున 8,994 కట్టాం. ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశా, రెండోసారి మీ అబ్బాయి "ఎండాకాలం ఎండ ఉండదా మేడమ్" అని నవ్వాడు, అందుకే రాసి పంపుతున్నా.

నా గొడవ ఎండ గురించి కాదండి. వైజాగ్‌లో పుట్టి పెరిగినదాన్ని, మేలో ఇక్కడి ఉక్కపోత నాకు కొత్త కాదు, సముద్రం పక్కన గాల్లో తేమకి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, మిగతాచోట 36 డిగ్రీలంటే ఫర్వాలేదేమో గానీ ఇక్కడ ఆ 36కే ప్రాణం విసిగిపోతుంది. మీ మెసేజ్‌లో "ఉదయం 5కి బయల్దేరి 9 లోపు మంగమారిపేట బీచ్‌లో దిగిపోతాం" అని ఉంది కాబట్టే బుక్ చేశాం. మీ వ్యాన్ వచ్చిందే 7కి. నడక మొదలయ్యేసరికి 8 దాటింది. ఇవాళ వద్దులెండి అని అప్పుడైనా చెప్పి ఉంటే ఇడ్లీ తినేసి ఇంటికి పోయేవాళ్లం.

నీళ్లు మనిషికి 2 లీటర్లు అన్నారు. చేతికిచ్చింది అర లీటరు బాటిల్ ఒక్కటి, మిగతావి క్యాన్లలో ఉన్నాయట, క్యాన్లేమో వ్యాన్‌లో, వ్యాన్ కింద రోడ్డు మీద. పైగా గైడ్‌కి దారి తెలీదు. జీడిమామిడి చెట్ల మధ్య ఆగిపోయి ఫోన్‌లో మ్యాప్ తెరిచాడు, ఎండకి స్క్రీన్ కనపడక అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు, మేం ఇరవైమందిమి వాడి చుట్టూ నిలబడి వాడి చెయ్యే చూస్తున్నాం. తొట్లకొండ ఎక్కేసరికి 11. అక్కడ మా పిన్ని కళ్లు తిరిగి కూలబడిపోయింది. ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్ తెరిస్తే ఒక బ్యాండేజ్ చుట్ట, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉన్నాయి, కలపడానికి నీళ్లు లేవు! కార్లో పైకొచ్చిన వేరే ఫ్యామిలీ వాళ్లు మజ్జిగ ఇచ్చి, కిందకి దింపారు, వాళ్ల పేరు కూడా అడగలేదు ఆ కంగారులో.

రెండు వేల ఏళ్ల కిందట ఆ కొండ మీద ఉన్న బౌద్ధ భిక్షువులు నీళ్ల కోసం రాతిలో తొట్లు తొలిపించుకున్నారు, కొండకి ఆ పేరు అలా వచ్చిందే. మీరు ఒక క్యాన్ పైకి మోయించలేకపోయారు. మీ గైడ్ మాత్రం ఆ తొట్ల దగ్గర సెల్ఫీలు దిగండి అన్నాడు.

మీరిస్తానన్న 20 శాతం డిస్కౌంట్ నాకొద్దు. కట్టిన 8,994, పిన్నికి సెలైన్ పెట్టించిన క్లినిక్ బిల్లు 1,850, రెండూ కలిపి 10,844 పది రోజుల్లో నా అకౌంట్‌లో వెయ్యండి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లయింట్ ఇస్తా, అక్కడా కాకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్తా.

బిల్లు, మీ మెసేజ్ స్క్రీన్‌షాట్, వ్యాన్ వచ్చినప్పుడు తీసిన ఫోటో జత చేశా, ఫోటో మీద టైమ్ ఉంది చూసుకోండి. అన్నట్టు జూన్ మొదటి వారం బ్యాచ్‌కి కూడా మీరు డబ్బులు కట్టించుకుంటున్నారు, అందులోనూ 5 గంటలకే బయల్దేరతాం అనే రాసి ఉంది.