నొచ్చికుప్పం చేపల అక్కకు

ఆదివారం పరుగులో వడదెబ్బ తగిలి పడిపోయిన తమ్ముడు నిన్న సాయంత్రం ఐసీయూ నుంచి వార్డుకు వచ్చాడు. ఈ ఉదయం రెండు ఇడ్లీలు తిన్నాడు. కిడ్నీల పరీక్షలో చూసే క్రియాటినిన్ దిగుతోందని డాక్టరుగారు చెప్పి వెళ్లారు. ఆదివారం నుంచి ఫోన్లు, మెసేజ్‌లు చేస్తున్న అందరికీ విడివిడిగా జవాబివ్వలేకపోయాను. నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి. అయినా ఇది ఇప్పుడే రాయాలనిపించింది. నేను అందరికంటే ముందు దణ్ణం పెట్టుకోవాల్సిన మనిషికి తెలుగు రాదు, ఫేస్‌బుక్ లేదు. చెన్నైలో మెరీనా లూప్ రోడ్డు పక్కన, నొచ్చికుప్పం అనే జాలరిపేట దగ్గర చేపలు అమ్ముతుంది. ఆవిడ పేరు ఇక్కడ రాయను, వద్దంది.

మెరీనాలో పరుగు అంటే మా ఇంట్లో పండగే. నాకు పది కిలోమీటర్లు, మా ఆయనకు ఐదు, మామగారికీ పాపకూ మూడు కిలోమీటర్ల నడక. నాలుగింటికే ఇంట్లో లైట్లన్నీ వెలుగుతాయి, ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితాలకు, అదే బిబ్‌లకు, పిన్నీసుల కోసం వెతుకులాట, పరుగయ్యాక ట్రిప్లికేన్ రత్నా కేఫ్‌లో సాంబారులో మునిగిన ఇడ్లీ. తమ్ముడు నెల్లూరులో ఏసీ స్టేడియంలో పరిగెత్తుతూ ఉంటాడు. ఈసారి హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్లు, ఇద్దరం కలిసి చేద్దాం అక్కా అని వాడే పేర్లు ఇచ్చాడు. శనివారం రాత్రి బండి దిగి, పెరుగన్నం తిని, తొమ్మిదికే పడుకున్నాడు. బాగా తయారై వచ్చినవాడే. అది ఎందుకు చెబుతున్నానంటే, "ప్రాక్టీస్ లేకుండా దిగుంటాడు" అని అప్పుడే ఒకరిద్దరు అన్నారు.

తెల్లవారుజామున ఐదింటికి కామరాజర్ సాలై మీద మొదలు. సాంథోమ్, అడయార్ తిరు వి.క. వంతెన, బెసంట్ నగర్ దాకా వెళ్లి, తిరుగుదారిలో పట్టినపాక్కం నుంచి లూప్ రోడ్డు పట్టుకుని లైట్‌హౌస్ వైపు రావాలి. చెన్నైలో పరిగెత్తేవాళ్లకు తెలుసు, ఇక్కడ ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. చెమట ఆరితేనే ఒంట్లో వేడి బయటికి పోతుంది. సముద్రం పక్కన గాలిలో తేమ 80 శాతం దాటిన పొద్దున చెమట ధారగా కారిపోతుందే తప్ప ఆరదు. ఒంట్లో పుట్టిన వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే ఈ ఊళ్లో నీళ్లు, ఐసు అడుగడుగునా ఉండాలి. తిరుగుదారిలో రెండు నీళ్ల బల్లలు ఖాళీ. కింద నలిగిన పేపరు కప్పులు, బల్ల వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ ఇద్దరు కాలేజీ పిల్లలు. "లారీ రాలేదు ఆంటీ" అన్నారు. పాపం, వాళ్లేం చేస్తారు.

పదహారు కిలోమీటర్లు దాటాక తమ్ముడి అడుగు పక్కకు పడటం మొదలైంది. ఆగరా, నడుద్దాం అన్నాను. నావైపు చూసి, "అక్కా, నెల్లూరు ఇంకెంత దూరం?" అన్నాడు. నా గుండె జారిపోయింది. భుజం పట్టుకునేలోపే మోకాళ్ల మీద కూలబడి, కళ్లు తేలేశాడు. ఒళ్లు ముట్టుకుంటే చేయి కాలింది.

నేను అరిచానట. నాకు గుర్తు లేదు. గుర్తున్నది మాత్రం చేపల మార్కెట్ వైపు నుంచి ఒకావిడ రెండు చేతులతో థర్మకోల్ పెట్టె ఎత్తుకుని, చెప్పుల్లేకుండా రోడ్డు దాటి పరిగెత్తుకు రావడం. వాడి టీషర్టు చేపలు కోసే కత్తితో బెత్తెడు చీల్చి, మిగతాది చేత్తో చించేసింది. ఐసు గుప్పిళ్లతో తీసి రెండు చంకల్లో, మెడకు రెండు వైపులా, గజ్జల దగ్గర కూరింది. ఐసులో చేప పొలుసులు ఉన్నాయి, వాడి ఛాతీ మీద అంటుకుని మెరుస్తున్నాయి. తన భుజం మీది తువ్వాలు నీళ్లలో ముంచి తల మీద వేసింది, వేడెక్కగానే తీసి మళ్లీ ముంచింది. వాడు కక్కబోతే పక్కకు తిప్పి, నోట్లో వేలుపెట్టి శుభ్రం చేసింది. మధ్యమధ్యలో చెంప తడుతూ "ఇంగ పారు తంబీ, ఇంగ పారు" (ఇటు చూడు తమ్ముడూ) అంటూనే ఉంది. మొదటి పెట్టె అయిపోతే పక్క దుకాణం పెద్దాయనకు కేకేసింది. ఆయన తెచ్చిన రెండో పెట్టెలో ఐసు కింద వంజరాలు ఉన్నాయి. చేపలు బండ మీదికి గుమ్మరించి ఐసు మాకిచ్చారు. అది ఆదివారం పొద్దున. వాళ్లకు వారం మొత్తంలో బేరం ఉండే రోజు అదే.

తర్వాత అడిగితే, పడవ మీద ఎండ దెబ్బ తిన్న మగవాళ్లకు ఇలాగే చేస్తామంది. ఐసీయూ డాక్టరు చెప్పింది వింటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. ఇలాంటి వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిపోతుంది, అరగంటలోపు దించకపోతే మెదడు, కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి, అందుకే ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి అన్నారు. డబ్బు కట్టించుకుని పరుగు పెట్టినవాళ్ల దగ్గర లేని వైద్యం చేపలమ్మే మనిషి దగ్గర ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2023లో ఈ లూప్ రోడ్డు పక్కన చేపల దుకాణాలు ట్రాఫిక్‌కు అడ్డమని కోర్టు దాకా వెళ్లింది. దుకాణాలు తీసేస్తే నొచ్చికుప్పం జనం రోడ్డు మీద కూర్చున్నారు. 2024లో కొత్త మార్కెట్ కట్టి వాళ్లను అందులోకి మార్చారు. అప్పట్లో మా పరుగుల వాళ్ల మాటల్లో కూడా "అబ్బ, ఆ వాసన, ఆ నీళ్లు, అక్కడ పరిగెత్తలేం" అనేది నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట ఇక నా ముందు ఎవరైనా అంటే ఊరుకోను.

అంబులెన్స్ సంగతి. బిబ్ వెనక అచ్చేసిన ఎమర్జెన్సీ నంబరుకు ఎవరో రన్నరు తన ఫోన్ నుంచి మళ్లీ మళ్లీ చేశారు, ఎత్తినవాళ్లు లేరు. నిర్వాహకుల అంబులెన్స్ ఫినిష్ దగ్గర స్టేజీ పక్కన నిలబెట్టారని తర్వాత తెలిసింది. చివరికి వచ్చింది 108. అది కూడా బారికేడ్ల దగ్గర ఆగాల్సి వచ్చింది. మెడల్‌కు, టీషర్టుకు, డీజేకు ఉన్న ఏర్పాటు నాలుగు ఐసు పెట్టెలకు లేదా? పేర్లు రాసి గొడవ పడే ఓపిక ఇప్పుడు నాకు లేదు. తమ్ముడు ఇంటికి వచ్చాక వాళ్లకు ఉత్తరం రాస్తాను.

నా దగ్గర ఫోన్ లేదు, పర్సు లేదు. మా ఆయన, పాప ఫినిష్ దగ్గర ఉన్నారు. నన్ను ఒంటరిగా చూసి ఆ అక్క కూడా అంబులెన్స్ ఎక్కేసింది. దారంతా వాడి మెడ దగ్గర ఐసు పట్టుకునే కూర్చుంది. ఆస్పత్రి కౌంటర్‌లో ముందు అడ్వాన్సు కట్టమన్నారు. మా వాళ్లు దారిలో ఉన్నారమ్మా, అరగంటలో కడతాం అన్నా రూలు రూలే అన్నారు. ప్రాణం మీదికి వచ్చినవాడికి ముందు వైద్యం చేయాలి, ప్రభుత్వ ఆస్పత్రైనా ప్రైవేటైనా అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కౌంటర్ ముందు నిలబడితే ఆ తీర్పు చెవిన పెట్టేవాళ్లు ఎవరున్నారు. నేను ఏడుస్తూ బతిమాలుతుంటే, అక్క నడుముకు దోపుకున్న చిన్న సంచి తీసింది. అందులోవి తెల్లవారి బేరం డబ్బులు. తడిసిన పదులు, ఇరవైలు, వందలు. ఒక్కొక్కటీ విడదీసి కౌంటర్ అద్దం ముందు పరిచింది. రెండు వేల మూడు వందలు. వాళ్లడిగినదాంట్లో అది ఏ మూలకూ రాదు. అయినా లోపలున్న అమ్మాయి ఆ నోట్ల వైపు చూసి, ఏమీ మాట్లాడకుండా ఫారం మీద స్టాంపు వేసింది.

అప్పటిదాకా ఎలాగో నిలబడ్డాను. ఆ తడి నోట్లు చూశాక నావల్ల కాలేదు. కింద కూలబడిపోయాను. అక్క నా తల తన పొట్టకు ఆనించుకుని నిలబడింది, చీరంతా ఉప్పు వాసన.

మధ్యాహ్నం దాకా ఉంది. మా ఆయన డబ్బు ఇవ్వబోతే లెక్కపెట్టి, తన రెండు వేల మూడు వందలు తీసుకుని మిగతావి తిరిగి ఇచ్చేసింది. ఐసుకు, పాడైన చేపలకు అంటే చేయి అడ్డం పెట్టింది. మర్నాడు సాయంత్రం బస్సెక్కి వచ్చి, ఐసీయూ అద్దంలోంచి వాడిని చూసి వెళ్లింది. అక్కా, నీకు నేనేం ఇవ్వగలను? నా తమ్ముడిని నాకు తిరిగి ఇచ్చావు.

మా ఆయన, అత్తగారు, మామగారు, పాప, నెల్లూరు నుంచి రాత్రికి రాత్రి వచ్చిన పిన్ని, బాబాయి అందరూ చేయాల్సిందంతా చేశారు, చేస్తున్నారు.

మా రన్నింగ్ గ్రూపు వాళ్లు వంతులేసుకుని రాత్రిళ్లు ఆస్పత్రి బెంచీల మీద పడుకున్నారు. వాళ్లకు, 108 డ్రైవరుకు, లోపల సెలైన్ పెట్టిన టెక్నీషియన్‌కు, తమ్ముడి భాష రాకపోయినా వాడితో మాట్లాడుతూనే ఉండే మలయాళీ నర్సుకు నా నమస్కారాలు.

పక్క దుకాణం పెద్దాయన గురించి సరిగా చెప్పలేదు పైన. వంజరాలు ఆయనవి. అక్క తిరిగి వచ్చేదాకా ఆమె దుకాణం కూడా ఆయనే చూసుకున్నాడట.

ఎండ పడకుండా బనియన్లు విప్పి అడ్డం పట్టుకున్న ముగ్గురు కుర్రాళ్లు, తమ్ముడి బూట్లు జాగ్రత్తగా తెచ్చి ఆస్పత్రి వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లిన ఆవిడ, ఆ వాచ్‌మన్. ఇంకా ఎవరినైనా మర్చిపోయుంటే క్షమించండి, గుర్తొచ్చినప్పుడు కింద చేరుస్తాను.

ఇప్పుడే గుర్తొచ్చింది. 108కి ఫోన్ చేసిన రన్నరు, పసుపు టోపీ ఆయన, తన పరుగు వదిలేసి అంబులెన్స్ వచ్చేదాకా రోడ్డు మధ్యలో నిలబడి దారి ఇప్పించారు. మీ పేరు కూడా అడగలేదండీ. మీ టోపీ మా తమ్ముడి సంచిలో ఉంది, ఉతికి పెట్టాను. ఇది మీ దాకా చేరితే మెసేజ్ పెట్టండి, మా ఆయన తెచ్చి ఇస్తారు.