విడిభాగాలు దొరికితేనే మన్నిక

సంపాదకులకు,

అయ్యా,

పాతకాలపు ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు దశాబ్దాల పాటు పనిచేశాయనీ, ఇప్పటి వస్తువుల్లో ఆ గట్టిదనం లేదనీ తరచూ వింటుంటాం. ఇందులో కొంత భ్రమ ఉంది. త్వరగా చెడిపోయిన పాత వస్తువులు ఎప్పుడో తుక్కులో కలిసిపోగా, నిలిచినవే మన కళ్లకు కనిపిస్తున్నాయి. పాత ఫ్రిజ్ ఎంత కరెంటు తాగుతుందో మెచ్చుకునేవారు సాధారణంగా చెప్పరు.

అయినా ఈ ఫిర్యాదును కొట్టిపారేయలేం. వాషింగ్ మెషీన్‌లో అరిగిపోయే భాగాల్లో బేరింగు ముఖ్యమైనది. టబ్బు రెండు సగాలను స్క్రూలతో బిగించి ఉంటే దాన్ని మార్చుకోవచ్చు. విడదీయలేని విధంగా అతికించేస్తే మాత్రం ఒక చిన్న బేరింగు కోసం టబ్బు మొత్తాన్ని మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు చూసి చాలామంది కొత్త యంత్రమే కొనేస్తారు. ఎలక్ట్రానిక్ బోర్డుల మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల (విద్యుత్తును కాసేపు నిల్వచేసే చిన్న భాగాల) విషయానికి వస్తే, ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని ఇంజినీర్లు లెక్కగడతారు. అది తెలిసీ వాటిని వేడెక్కే భాగాల పక్కనే అమర్చడాన్ని పొరపాటు అనుకోవడం కష్టం.

వాషింగ్ మెషీన్ మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా కీలకమైన విడిభాగాలను కనీసం 10 ఏళ్లు అందుబాటులో ఉంచాలని యూరోపియన్ యూనియన్ 2021లో నిబంధన అమలు చేసింది. ఫ్రిజ్ తలుపు గాస్కెట్లకు (అంచున ఉండే రబ్బరు పట్టీలకు) 10 ఏళ్లు, చల్లదనాన్ని అదుపుచేసే థర్మోస్టాట్లకు 7 ఏళ్లు గడువు విధించింది. అదే ఏడాది ఫ్రాన్స్, కొన్ని ఉపకరణాలను బాగుచేయడం ఎంత సులభమో 10కి మార్కులు వేసి కొనుగోలుదారుకు చూపించే పద్ధతి తెచ్చింది. విద్యుత్ వినియోగాన్ని తెలిపే లేబుల్ పక్కనే విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో కూడా ముద్రించడాన్ని అన్ని ప్రభుత్వాలూ తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు