ప్రోరా చూసొచ్చాక నాన్నకి రాసిన ఉత్తరం

హాంబుర్గ్

నాన్నా,

నీకూ అమ్మకీ నమస్కారాలు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని చెల్లి చెప్పింది, నాకు టెన్షన్ తగ్గింది. నేను బాగున్నాను. ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్‌లో ఐతే అమ్మ, చెల్లి, పక్కింటివాళ్లు, అందరి మధ్యా ఈ మాట సగంలో తెగిపోతుంది. ఇది నువ్వు కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదవాల్సిన సంగతి. యూనియన్ సంగతి.

వరస సెలవులు కలిసొస్తే, నాతో పనిచేసే తమిళమ్మాయి, నేను కలిసి ర్యూగెన్ దీవికి వెళ్లాం. జర్మనీకి ఉత్తరాన, బాల్టిక్ సముద్రంలో ఉంటుంది. దీవి అంటే పడవ ఎక్కాలేమో అనుకోకు, స్ట్రాల్‌జుండ్ నుంచి వంతెన మీదుగా రైలే వెళ్తుంది. ఆ దీవి తూర్పు ఒడ్డున ప్రోరా అనే చోటుంది. మేం చూడాలనుకున్నది దాన్నే.

రైలు దిగి చెట్ల మధ్య నుంచి కాస్త నడిస్తే ఎదురుగా ఆరంతస్తుల గోడ వచ్చేస్తుంది. కుడికి చూసినా ఎడమకి చూసినా చివర కనపడదు. ఒక్కొక్కటి దాదాపు అర కిలోమీటరు పొడవున్న ఎనిమిది బ్లాకులు ఒడ్డు వెంబడి వరసగా వేశారు. మొత్తం నాలుగున్నర కిలోమీటర్లు. విశాఖలో ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర మొదలుపెడితే దరిదాపు తెన్నేటి పార్కు దాకా ఒకటే బిల్డింగు అనుకో. కార్మికులు సెలవులకి వచ్చి ఉండటానికని హిట్లర్ ప్రభుత్వం కట్టించింది. ఒకేసారి 20 వేల మంది దిగేలా ప్లాను. గది పొడవు ఐదు మీటర్లు, వెడల్పు రెండున్నర మీటర్లు. రెండు మంచాలు, ఒక బీరువా, ముఖం కడుక్కోవడానికి ఒక సింకు. బాత్రూములు వెనకవైపు, అందరికీ కలిపి. కిటికీలు మాత్రం ప్రతి గదికీ సముద్రం వైపే. వారానికి 20 మార్కులకే (అప్పటి జర్మన్ డబ్బు) ఇస్తామన్నారు. క్లెమెన్స్ క్లోట్స్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ఈ ప్లానుకి 1937లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో పెద్ద బహుమతి కూడా వచ్చింది.

ఇంతవరకు వింటే మంచి పనే కదా అనిపిస్తుంది. ఆ డబ్బు ఎక్కడిదో తెలిసేదాకా నాకూ అలాగే అనిపించింది.

1933లో హిట్లర్ ప్రభుత్వం మేడేని జీతంతో కూడిన జాతీయ సెలవుగా ప్రకటించింది. యూనియన్లు ఏళ్ల తరబడి అడుగుతున్నదే అది. బెర్లిన్‌లో మహాసభ పెట్టారు. సర్కారుతో సర్దుకుపోతే బతికి బట్టకడతామనుకుని, పెద్ద కార్మిక సమాఖ్య తన సభ్యుల్ని ఆ ఉత్సవాలకి వెళ్లమని చెప్పింది కూడా. తెల్లారి మే 2. దేశమంతటా యూనియన్ ఆఫీసుల మీద నాజీ దళాలు పడ్డాయి. నాయకుల్ని పట్టుకుపోయారు. డూయిస్‌బుర్గ్ అనే ఊళ్లో నలుగుర్ని చంపేశారు. ఆఫీసు భవనాలు, బ్యాంకు ఖాతాలు, సభ్యులు పైసా పైసా కట్టిన నిధులు, అన్నీ లాక్కున్నారు. యూనియన్లు రద్దయ్యాయి. వాటి స్థానంలో జర్మన్ లేబర్ ఫ్రంట్ అని ఒకటి పెట్టారు. సమ్మె చేసే హక్కు లేదు, జీతం గురించి బేరమాడే హక్కు లేదు. దానికి పెద్ద రోబర్ట్ లై. కార్మికుల సెలవులు, విహారయాత్రలు చూసుకోవడానికి దాని కింద ఒక సంస్థ. పేరు 'సంతోషంతో బలం'. ప్రోరా కట్టింది ఆ సంస్థే, యూనియన్ల నుంచి లాక్కున్న డబ్బుతో.

శంకుస్థాపన ఏ రోజు చేశారో తెలుసా నాన్నా? 1936 మే 2. ఆఫీసుల మీద పడిన రోజుకి సరిగ్గా మూడేళ్లు. అక్కడున్న మ్యూజియంలో ఈ తేదీల దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. నువ్వు పక్కనుంటే బాగుండునని అనిపించింది.

నీ ఇనప్పెట్టెలో రసీదు పుస్తకాలు గుర్తొచ్చాయి. నెలకి రెండు రూపాయల చందా. జీతాల రోజు సాయంత్రం మిల్లు గేటు దగ్గర, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, స్కేలు ఆనించి రసీదు చింపి ఇచ్చేవాడివి. సంతకం రానివాళ్ల వేలిముద్ర అడ్డంగా, నీలంగా ఉండేది. యాజమాన్యం మిల్లు మూసి లాకౌట్ పెట్టిన ఏడాది, ఒకరి బదులు పనికొచ్చే బదిలీ వర్కర్ల ఇళ్లకి బియ్యం వెళ్లింది ఆ డబ్బుతోనే కదా. ఇక్కడా అవి అలాంటి డబ్బులే. ఎవరో గని కార్మికుడు, ఎవరో నేతపనివాడు సమ్మె రోజుల్లో పనికొస్తాయని దాచుకున్నవి. వాటితో సముద్రం ఒడ్డున మేడ కట్టి, ఇదిగో మీకు మా కానుక అన్నారు.

ఆ కానుకైనా ఎవరికీ అందలేదు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే పని ఆపేశారు. సెలవులకని ఒక్క కార్మికుడు కూడా అక్కడ దిగలేదు. 1943లో మా హాంబుర్గ్ మీద బాంబులు పడి లక్షల మందికి ఇళ్లు పోయినప్పుడు కొందరిని తీసుకెళ్లి ఆ సగం కట్టిన గదుల్లో పెట్టారు. తర్వాత తూర్పు నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఉన్నారు. యుద్ధం అయ్యాక సోవియట్ సైన్యం వచ్చి పనికొచ్చే సామానంతా ఊడదీసి, ఉత్తరం వైపు బ్లాకుల్ని పేల్చింది. ఆ తర్వాత తూర్పు జర్మనీ సైన్యం వచ్చింది, మామూలు జనాన్ని ఆ ఒడ్డుకి రానివ్వలేదు. తుపాకీ పట్టనన్న కుర్రాళ్లని కూడా 1980లలో ఇక్కడ పెట్టి, దగ్గర్లోని ముక్రాన్ ఓడరేవు పనికి పంపేవాళ్లట. వాళ్ల భుజం మీద గుర్తు పార బొమ్మ. ఆ కుర్రాళ్ల మీద నాకు చాలా గౌరవం కలిగింది.

మేం ఎక్కువసేపు తిరిగింది ఉత్తరం కొసన. పేల్చినా పూర్తిగా పడని భాగాలు అక్కడ అలాగే ఉన్నాయి. కంచె ఉంది, లోపలికి వెళ్లొద్దని బోర్డులున్నాయి, అందుకని బయటి నుంచే చూశాం. పేలుడుకి పగిలిన చోట లోపలి ఇటుక కనిపిస్తుంది. స్లాబు అంచున ఇనుప ఊచలు తుప్పుపట్టి కిందికి వంగి ఉన్నాయి. పై అంతస్తులో ఒక గదికి రెండు పక్క గోడలు మాత్రం మిగిలాయి, ఆ నేల మీద ఒక సన్నటి చెట్టు మొలిచింది. ఆ గోడల మధ్య దూరం చూస్తే తెలుస్తుంది, గది రెండున్నర మీటర్లంటే ఎంతో. ఇద్దరు పడుకుంటే మధ్యలో మనిషి నడవడానికి చోటు, అంతే. 20 వేల మందిని అలాంటి గదుల్లో సర్ది, ఒకే వేళకి లేపి, ఒకే వేళకి తినిపించి, అందరికీ పట్టే సభామందిరంలో కూర్చోబెట్టి ఉపన్యాసాలు వినిపించాలని వాళ్ల ఉద్దేశం. ఆ మందిరం కట్టనేలేదు. ఇలాంటి చోట సెలవంటే నాకైతే ఇంకో షిఫ్టులాగే కనిపించింది.

ఐదు బ్లాకులు మాత్రం నిలిచి ఉన్నాయి. 1994 నుంచి అవి రక్షిత కట్టడాలు. ఏళ్లపాటు ఖాళీగా పడి ఉండి, తర్వాత చాలావరకు ప్రైవేటువాళ్లకి అమ్మేశారు. ఇప్పుడు తెల్ల రంగు వేసి, గాజు బాల్కనీలు పెట్టి, ఖరీదైన ఫ్లాట్లుగా మార్చారు. ఒక బ్లాకులో 2011లో యూత్ హాస్టల్ పెట్టారు, మేం దిగింది అందులోనే. బడిపిల్లలు గుంపులుగా వచ్చారు, కారిడార్ల నిండా గోల. నన్నడిగితే మొత్తం ప్రోరాలో సరైన పని జరిగింది అక్కడే. మిగతావి కూడా తక్కువ డబ్బుతో వచ్చేవాళ్లకే ఉంచాల్సింది. కనీసం ఒక బ్లాకైనా నిండా ఆ 1933 కథ పెట్టాల్సింది. దోచుకున్నది కార్మికుల దగ్గర, చివరికి సముద్రం కనిపించే కిటికీలు దక్కింది డబ్బున్నవాళ్లకి. ఇది నాకు ఎంత మాత్రం నచ్చలేదు.

కార్మికుడికి సముద్రం చూపించాలన్న ఆలోచన తప్పని నేను అనను. ఇరవై రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు అని అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో ఉన్నది మాకు చిన్నప్పుడే కంఠతా వచ్చు, నువ్వు గేట్ మీటింగుల్లో అన్నిసార్లు చెప్పేవాడివి. ఆ సెలవుల్లోనే కదా మమ్మల్ని భీమిలి తీసుకెళ్లావు. బస్సులో వెళ్లాం, అమ్మ పులిహోర కట్టింది, చెల్లి కెరటాలు చూసి ఏడ్చింది. ఆ సెలవు నువ్వు, నీతోటివాళ్లు అడిగి తెచ్చుకున్నది. ఎప్పుడు వెళ్లాలో, ఎవరితో వెళ్లాలో మనమే అనుకున్నాం.

నాకు నీ నుంచి ఒక సంగతి కావాలి. లాకౌట్ అప్పుడు యూనియన్ ఆఫీసుకి తాళం వేశారని, దస్తావేజు కోసం నువ్వు కోర్టు చుట్టూ తిరిగావని అమ్మ అంటుంది. ఆ గది ఎవరి పేరున ఉండేది? చివరికి ఎవరికి దక్కింది? ఫోన్‌లో కాకుండా తీరిగ్గా కాగితం మీద రాయి, చెల్లి ఫోటో తీసి పంపుతుంది. ఆ రసీదు పుస్తకాల్ని ఒకసారి ఎండలో పెట్టు, చెదలు పడతాయి. పాత పేపర్లవాడికి మాత్రం వేయొద్దు. సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నిటికీ ఫోటోలు తీసి దాచుకుందాం.

చెల్లి ఫీజు డబ్బు సోమవారం పంపుతాను. అమ్మని మేడమెట్లు ఎక్కనివ్వకు, బట్టలు కిందే ఆరేయమను.

నీ పెద్దమ్మాయి