వరద తీసిన తరువాత మా బగ్గీ దారి: డబ్బు కట్టే ముందు తెలుసుకోవలసిన సంగతులు

కోనసీమలో గోదావరి వైనతేయ పాయ ఒడ్డున లంక భూముల్లో మేము నడిపే బగ్గీ (గుర్రపు బండి కాదు, ఇసుకలో మీరే నడుపుకునే ఇంజను బండి) సవారీ, వరదల కాలం ముగియడంతో, కార్తీక మాసంలో మళ్ళీ మొదలవుతోంది. ఫోన్ చేస్తున్నవారిలో చాలామంది నిరుటి దారినీ నిరుటి ధరనూ మనసులో పెట్టుకుని అడుగుతున్నారు కాబట్టి, మారిన సంగతులన్నీ ముందుగానే రాసి పెట్టడం మంచిదనుకున్నాము. ఈసారి సవారీ 40 నిమిషాలు మాత్రమే ఉంటుంది. దారి పొడవు 6 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇద్దరు కూర్చునే బగ్గీకి 1,800 రూపాయలు తీసుకుంటాము. ఇది నిరుటికంటే 200 రూపాయలు ఎక్కువ. దూరం తగ్గించి ధర పెంచడం ఏమిటని మీరు అడగడం న్యాయమే. దానికి సమాధానం చెప్పాలంటే ఈ నేల గురించీ ఈ ఏటి వరద గురించీ కొంత చెప్పక తప్పదు.

ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చేవారిలో కొందరు రాళ్ళగుట్టలు ఎక్కి దిగడం, లోయ అంచున మలుపులు తిరగడం ఉంటాయని ఆశిస్తున్నారు. ఇక్కడ గుట్టలూ లేవు, లోయలూ లేవు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి, గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి, అవన్నీ సముద్రానికి చేరేదాకా మధ్యనున్న నేలంతా నది తెచ్చి పోసిన ఒండ్రూ ఇసుకే. కొండదారి కావాలనుకునేవారు మారేడుమిల్లి వైపు వెళ్ళడం మేలు. పాపికొండలు చూడాలనుకుంటే లాంచీ ఎక్కవచ్చు. ఇలా చెబితే బేరాలు పోతాయని మా ఇంట్లోవాళ్ళు అంటారు గానీ, కొండలను ఊహించుకుని వచ్చి కొబ్బరిచెట్లు చూసి ముఖం చిన్నబుచ్చుకునే అతిథికంటే అసలు రాని అతిథే నయమని నా అభిప్రాయం.

అయితే బల్లపరుపుగా కనిపించినంత మాత్రాన ఈ నేల సాధువైనది కాదు. మా దారి కొబ్బరితోటలో మొదలై, అరటితోట పక్కనుంచి దిగి, ఆ తరువాత రెల్లు గడ్డి మధ్యకు ప్రవేశిస్తుంది. రెల్లు మనిషిని మించి పెరుగుతుంది కాబట్టి అందులో వెళ్ళేటప్పుడు ముందున్న బండి తప్ప మరేమీ కనిపించదు. అది దాటగానే ఒక్కసారిగా ఇసుక తిన్నె, దాని అవతల నెర్రెలిచ్చిన ఒండ్రు మైదానం, ఆపైన నది కోసేసిన నిలువు ఒడ్డు వస్తాయి. ఎత్తుపల్లాలు మూడు నాలుగు అడుగులకు మించకపోయినా, అవి వరసగా వస్తున్నప్పుడు కుదుపు గట్టిగానే ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవారూ మెడకు పట్టీ వాడుతున్నవారూ దయచేసి దీన్ని తేలికగా తీసుకోవద్దు. గర్భిణులను ఎక్కించుకోము.

ఇప్పుడు దారి ఎందుకు తగ్గిందో చెబుతాను. లంక అంటే ఏటిగట్టుకు నదివైపు మిగిలిన భూమి. గట్టు ఊళ్ళను కాపాడుతుంది గానీ లంకను కాపాడదు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికి సుమారు 10 లక్షల క్యూసెక్కులు దిగువకు వస్తుంటాయి. 13.75 అడుగుల దగ్గర రెండవ హెచ్చరిక, 17.75 అడుగుల దగ్గర మూడవ హెచ్చరిక ఉంటాయి. పల్లపు లంకల కాజ్‌వేలు మొదటి హెచ్చరికకు ముందే మునగడం ఇక్కడివారికి ఏటా అలవాటైన విషయమే. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా, 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అంతటి వరద రాని ఏడు కూడా నది ఊరకే పోదు. ఒకచోట ఒడ్డును కోసి, మరొకచోట ఇసుక మేట వేసి పోతుంది. ఈ ఏడు కోత మా దారి పడమటి వంపును తీసుకుపోయింది. నిరుడు మీరు ఆగి ఫోటోలు తీసుకున్న చింతచెట్టు ఇప్పుడు లేదు, అది ఉన్న నేలా లేదు.

తీసుకున్నదానికి బదులుగా నది తూర్పు వైపు ఒక పొలం మీద మోకాలి లోతు ఇసుక పోసింది. ఈ సీజన్‌లో మీరు ఎక్కువసేపు నడిపేది ఆ మేట మీదే. అది బగ్గీకి ఎంత బాగుంటుందో దాని యజమానికి అంత నష్టం, ఎందుకంటే ఆ ఇసుక తీసేదాకా ఆయన అందులో వంగ, మిరప ఏదీ వేయలేడు. పంట వేసుకుంటే ఆ పొలం మీద ఆయనకు వచ్చే మొత్తానికి సరిపోయేలా కౌలు మాట్లాడుకున్నాము. ధరలో పెరిగిన 200 రూపాయలలో ఎక్కువ భాగం అక్కడికే వెళుతుంది. మిగిలినది ఎయిర్ ఫిల్టర్లకూ బేరింగులకూ ఖర్చవుతుంది. ఒండ్రు దుమ్ము మెత్తనిది, ఫిల్టరు ప్రతి సాయంత్రం విప్పి శుభ్రం చేయకపోతే ఇంజను ఎక్కువకాలం నిలవదు, ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టడం సరేసరి.

మా వల్ల అతిథులకు కలిగే ఇబ్బందులలో అన్నిటికంటే పెద్దది సమయం విషయం. బుకింగ్ తీసుకునేటప్పుడు మేము రోజు మాత్రమే చెబుతాము. కచ్చితమైన గంట ముందురోజు సాయంత్రం గానీ చెప్పలేము. సముద్రానికి దగ్గరగా ఉండడం వల్ల మా దగ్గర పాయలో పోటు ఎక్కుతుంది. రోజుకు రెండుసార్లు నీరు పెరిగి రెండుసార్లు తీస్తుంది, ఆ వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. దారిలో చివరి పల్లం నీరు తీసిన తరువాతే దాటడానికి వీలుగా ఉంటుంది. అందువల్ల ఒక ఆదివారం ఉదయం ఏడింటికి వచ్చినవారు, మరుసటి ఆదివారం కూడా అదే వేళకు రావచ్చుననుకుంటే కుదరదు. అమావాస్యకూ పౌర్ణమికీ అటూ ఇటూ పోటు మరింత ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో చివరి పల్లాన్ని వదిలేసి, తిన్నె మీదనుంచే వెనక్కు తిప్పుతాము. కార్తీక పౌర్ణమికి స్నానాలకు వచ్చి, పనిలో పనిగా బగ్గీ ఎక్కుదామనుకునే కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. ఆరోజు దారి సగమే ఉంటుంది, ధర కూడా సగమే తీసుకుంటాము.

బగ్గీ నడపడం రాదని సంకోచించనక్కరలేదు. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. యాక్సిలరేటరు ఒకటి, బ్రేకు ఒకటి. మా మనిషి ముందు బండిలో దారి చూపుతూ వెళతాడు, అతని వెనుక మూడు బండ్లకు మించి పంపము, ప్రతి బండికీ వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా కట్టడి పెట్టించాము. ఆ కట్టడి తీసేయమని కుర్రవాళ్ళు అడుగుతూనే ఉంటారు, మేము తీయబోము. నిజానికి ఇక్కడ నేర్పు వేగంలో లేదు. పొడి ఇసుకలో టైరు గాలి కొంత తగ్గిస్తే నేలను తాకే భాగం పెరిగి బండి దిగబడకుండా పోతుంది. ఆ పని మేము ముందే చేసి ఉంచుతాము. మీరు చేయవలసిందల్లా ఒకే ఒత్తిడితో నడుపుతూ, తిన్నె మధ్యలో ఆగకుండా ఉండడం. బండి బరువుగా లాగుతోందని యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే చక్రం ఉన్నచోటే గొయ్యి తవ్వుకుంటుంది. అలా జరిగితే కాలు తీసేసి చేయి ఎత్తండి; పలకా పారా తాడూ ముందు బండిలో ఉంటాయి.

ఒండ్రు మైదానం సంగతి వేరు. కాచిన పాల మీద మీగడ కట్టినట్లు పైన ఎండి, లోపల మాత్రం వారాల తరబడి మెత్తగానే ఉంటుంది. తెల్లగా ఎండి లోతుగా నెర్రెలిచ్చిన చోట బండి బరువు ఆగుతుంది. నెర్రెలు సన్నగా ఉండి, మట్టి నల్లగా కనిపిస్తే ఆగదు. గేదె గిట్టల గుర్తులు ఎంత లోతుగా దిగాయో చూసి మా గైడ్లు చాలావరకు అంచనా వేయగలరు, అయినా ప్రతి ఉదయం వెదురు గడతో పొడిచి చూసి, ఆనాటి దారికి రెండు వైపులా ఎర్రగుడ్డ కట్టిన బద్దలు పాతుతారు. ఆ బద్దలు దాటి పక్కకు వెళ్ళవద్దని ఎక్కేటప్పుడు చెబుతారు, మధ్యలో ఒకసారి మళ్ళీ చెబుతారు. చెప్పినదే చెబుతున్నారని విసుక్కోకండి. రెల్లు వెనుక ఒడ్డు ఎక్కడ కోసుకుపోయి కింద డొల్లగా ఉందో పైనుంచి కనిపించదు.

ఇక సముద్రం గురించి. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో తీరం వెంబడి నీటి అంచున బగ్గీ నడిపించమని అడిగేవారు చాలామంది. అక్కడికి మేము వెళ్ళము, డబ్బు ఎక్కువ ఇస్తామన్నా వెళ్ళము. ఇసుక దిబ్బలూ, మడ అడవులూ, తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాలూ తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం అత్యంత సున్నితమైన ప్రాంతాలు. జనవరి మొదలుకొని ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెట్టి వెళతాయి. 45 నుంచి 60 రోజుల తరువాత పిల్లలు పైకి వస్తాయి. ఆ గుంట పైనుంచి ఏమీ తెలియదు. దాని మీద బండి వెళితే ఇసుక అణిగిపోతుంది. పిల్లలు బయటికి వచ్చిన తరువాత కూడా టైరు గాడిలో పడితే ఎక్కలేక, పొద్దెక్కేసరికి కాకులకు దొరికిపోతాయి. ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణులు. చట్టాన్ని పక్కన పెట్టినా, ఆ ఇసుక మీద మత్స్యకారులు వలలు ఆరవేసుకుంటారు, పడవలు లాగుకుంటారు. వారి పనిచోటును మనం ఆటస్థలం చేయడం నాకు ఇష్టం లేదు. మడ అడవి చూడాలనుకునేవారికి కోరంగి అభయారణ్యంలో చెక్క వంతెన మీద నడిచే ఏర్పాటు ఉంది. అక్కడ నడకే సరైన పద్ధతి.

అలాగే డ్రెయిన్ల పక్కనున్న పర్ర భూముల్లోకి, అంటే ఉప్పు తేలిన పల్లపు నేలల్లోకి కూడా మేము దిగము. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎక్కి, తలలు రాలిపోయి మొండిగా నిలిచిన కొబ్బరిచెట్లను రాజోలు మీదుగా వచ్చేవారు చూసే ఉంటారు. పొలం గట్టు మీద టైరు గాడి ఒకటి లోతుగా పడితే ఉప్పగా ఉండే పోటు నీటికి పొలంలోకి అదే దారి అవుతుంది.

మేము నడిపే రకం బగ్గీలకు రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు. అందువల్ల మీరు బస చేసిన చోటికి బండి పంపమని అడగవద్దు. తోట గేటు దాటి తారురోడ్డు మీదకు అవి రావు. పన్నెండేళ్ళ లోపు పిల్లలను ఎక్కించము. పన్నెండు దాటినా, వెనక్కు ఆనుకుని కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనాలి, పట్టీ భుజం మీద సరిగా కూర్చోవాలి. బండి ఒరిగినప్పుడు మిమ్మల్ని కాపాడేది చుట్టూ ఉన్న ఇనుప చట్రమూ నాలుగు కొసల పట్టీ. చేయి చట్రం బయట పెడితే అవి రెండూ ఉపయోగపడవు. చీర కొంగు, చున్నీ, విడిచిన జడ, పంచె కుచ్చెళ్ళు చక్రానికి గానీ ఇరుసుకు గానీ చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కొంగు దోపుకోవడానికి, జడ ముడివేసుకోవడానికి తోటలో గది ఉంది. చున్నీ అక్కడే వదిలి వెళ్ళాలి. ఈ విషయంలో పెద్దవారనీ చుట్టాలనీ మినహాయింపు ఇవ్వము.

సంక్రాంతి మూడు రోజులలో భోగి, పండుగ రోజులకు బుకింగులు తీసుకుంటున్నాము. కనుమ నాడు మూసివేస్తాము. ఆరోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం. మా గైడ్లు తమ ఊరి ప్రభను భుజాన మోయడానికి వెళతారు, వెళ్ళవద్దని చెప్పే అధికారం నాకు లేదు, అటువైపు దారులూ ఆరోజు జనంతో నిండి ఉంటాయి. పండుగ రోజుల్లో కోడిపందేల బరుల నుంచి నేరుగా వచ్చేవారికి ఒక మాట: మందు తాగి వచ్చినవారిని బండి ఎక్కించము, కట్టిన డబ్బు కూడా తిరిగి ఇవ్వము. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి వాతావరణ శాఖ హెచ్చరించినా, దారి పాడైనా, మా బండి చెడినా మాత్రం పూర్తి డబ్బు అదేరోజు వెనక్కు పంపుతాము.

బుకింగుకు బండికి 300 రూపాయలు ముందుగా కట్టి, మిగిలినది సవారీ అయ్యాక ఇవ్వవచ్చు. ధరలో కొబ్బరిబొండాం చేరి ఉంది. భోజనం ఏర్పాటు లేదు. తోటలో మరుగుదొడ్డి ఒక్కటే ఉంది కాబట్టి, బస్సు మాట్లాడుకుని వచ్చే పెద్ద బృందాలు ముందుగా ఫోన్ చేస్తే రెండు మూడు వేళలుగా విడదీసి రమ్మని చెబుతాము.